పందిరి క్రింది మొదలు

ధ్యాన భాగములు: మత్తయి 6:28-30, ఆదికాండము 46:1-4, 47:7-10, 27-31



మన ప్రభువు కొండమీద ప్రసంగించినప్పుడు పువ్వులను గూర్చి పలికిన మాట మన ఆదివార పాఠశాల పిల్లలకు కూడ కంఠస్థము. సొలొమోను తన వైభవమంతటితో ఆ పువ్వులలో ఒక్కదానికి సాటి రాలేదను సంగతి అందరికిని తెలియును. అయితే దానికి ముందున్న మాటను మనము తరచుగా దాటిపోవుదుము. అవి ఎంత అందముగా ఉన్నవో చూడుడని ప్రభువు మొదట చెప్పలేదు. అవి ఎదిగే విధమును ఆలోచించుమనెను. మత్తయి అక్కడ వ్రాసిన గ్రీకు మాట ‘కతమాథెతె’ అనునది. శిష్యుడు గురువునొద్ద పాఠము నేర్చుకొనునట్లు, బాగుగా పరిశీలించి నేర్చుకొనుడని దాని భావము. అందము ఒక్క చూపులో కనబడును. ఎదుగుదల అట్లు కనబడదు. దానిని అడిగి తెలిసికొనవలెను.

ఈ నెల ఈ మాటను ధ్యానమునకు తీసికొనుటకు కారణము మన సంఘములోనే ఉన్నది. ఆ సంగతి వచ్చుటకు ముందు ఒక దూరదేశపు పూలతోటను గూర్చి చెప్పవలెను.

2019వ సంవత్సరములో జపాను దేశమందలి ఏషియన్ రూరల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుటకు మాకు అవకాశము కలిగెను. ఆ సంస్థ తొచిగి రాష్ట్రములో ఉన్నది. తకామి తొషిహిరో అను పాదిరిగారు 1973లో దానిని స్థాపించిరి. ఆసియా, ఆఫ్రికా ఖండముల పల్లెలలో పనిచేయువారు అక్కడికి వచ్చి, పందులను కోళ్లను సాకుచు, ఎరువు కలుపుచు, వరి కోయుచు, ఒక్క బల్లయొద్ద భుజించుచు నేర్చుకొందురు. పాదిరులకైనను అక్కడ పార తప్పదు. ఆ శిక్షణను గూర్చి చెప్పవలసినది చాల ఉన్నది గాని అది మరియొక నెలకు.

ఏప్రిల్ నెలాఖరున అక్కడి సంఘములోని వృద్ధ రైతు దంపతులు మమ్మును అదే రాష్ట్రములోని అషికాగ పట్టణమునకు, పూలతోట చూపుటకు తీసికొనిపోయిరి. ఆ సంవత్సరము జపాను చక్రవర్తి తన సింహాసనమును కుమారునికి అప్పగించుటవలన దేశమంతటికి పది దినములు సెలవులు. రైలు నిండ జనము. ఒయామ అను స్టేషనులో బండి మారి, అషికాగ ఫ్లవర్ పార్కు స్టేషనులో దిగితిమి. తోటకు వచ్చు జనము కొరకు ఆ స్టేషనును 2018లో తెరచిరట. ఒక పూలతోటకు ప్రత్యేకముగా రైలు స్టేషను! మన పేటకు బస్సు ఆగు చోటైనను లేదే అని ఆ నిమిషమున మాకు తోచెను. ప్రవేశ రుసుము కూడ విచిత్రమే. పూత ఎట్లున్నదో చూచి దానినిబట్టి రుసుమును హెచ్చించుదురు, తగ్గించుదురు. మేము వెళ్లిన దినమున పూత నిండుగా ఉండెను. రుసుమును నిండుగానే చెల్లించిరి, మా కొరకు ఆ పెద్దలు.

అక్కడ పేరొందిన పువ్వు జపానువారు ‘ఫుజి’ అని పిలుచు తీగ పువ్వు. ఆ పేరుగల కొండ వేరు, ఈ తీగ వేరు. ఇది మన కంది, మినుము, చిక్కుడు జాతికి చెందినదే. పువ్వు ఆకారము చిక్కుడు పువ్వువంటిది. పూత రాలిన తరువాత కాయలును ఆ విధముగానే వ్రేలాడును. అయితే పువ్వులు విడివిడిగా గాక పొడవైన కుచ్చులుగా పందిరినుండి క్రిందికి దిగును. కొన్ని రెండు మూరలకు మించిన పొడవు. మన అడవులలో ఎండకాలమున రేల చెట్టు పచ్చని గుత్తులతో వ్రేలాడుట చూచినవారు దీనిని ఊహించుకొనవచ్చును. రంగు మాత్రము ఊదా. తోటలో అన్ని తీగలు ఒక్కసారి పూయవు. ఏప్రిల్ మధ్యనుండి లేత గులాబి, తరువాత ఊదా, ఆ తరువాత తెలుపు, మే మధ్యకు పసుపు, ఇట్లు వంతులు వంతులుగా వచ్చును. తెల్లని పూల పందిరి ఒకటి 80 మీటర్ల పొడవున సొరంగమువలె ఉన్నది. అన్నిటికంటె పెద్ద తీగ ఒక్కటే 1,000 చదరపు మీటర్ల పందిరిని కప్పియున్నది. మన లెక్కలో ఇంచుమించు 25 సెంట్లు. మన దేవాలయమును, దాని ఆవరణమును, కాపరి యింటిని కలిపి దానిక్రింద పెట్టవచ్చును. అంతటికి ఒక్కటే మొదలు.

పందిరి క్రింద నిలిచినప్పుడు మాకు మొదట తెలిసినది రంగు కాదు, మ్రోత. తుమ్మెదల మ్రోత. ఫుజి పువ్వు రేకులు గట్టిగా మూసికొనియుండును. బలముగల పెద్ద తుమ్మెద వాటిని త్రోసి తెరచుకొని తేనె త్రాగును. ఆ మ్రోత మా ఫోటోలలో లేదు, వాసనయు లేదు.

ఫోటోల మాట వచ్చినది గనుక చెప్పుదుము. అక్కడికి వచ్చినవారిలో ఎక్కువమంది చేతులు పైకెత్తి నిలిచియుండిరి. దూరమునుండి చూచినవాడు ఇదేదో ఉజ్జీవ కూటమనుకొనును. చూడగా ప్రతి చేతిలోను ఫోను. మేమును ఎత్తితిమి, మూడు గంటలలో నూరు ఫోటోలకు పైగా తీసితిమి. దీనిని తప్పుపట్టువారున్నారు, మాకు ఆ అభిప్రాయము లేదు. అంతదూరము రాలేని మీకొరకు మరి ఏమి తేగలము? ఎండిన పువ్వు తెచ్చిన అది పువ్వు కాదు. క్రిందినుండి పైకి తీసితిమి, దూరమునుండి తీసితిమి, చీకటి పడిన తరువాత దీపములు పెట్టగా మరల తీసితిమి. నీటిలో పడిన పూల నీడ మాత్రము ఒక్కటి చాల చక్కగా వచ్చినది.

మాతో వచ్చిన రైతు పెద్దాయన ఒక్క ఫోటో కూడ తీయలేదు. ఆయన మా చొక్కా చేయి పట్టుకొని పందిరి నడిమికి తీసికొనిపోయి, నల్లగా మెలికలు తిరిగియున్న మొదలును చూపెను. దానిచుట్టు ఎవరును ముట్టకుండ కంచె ఉన్నది. జనులందరు పైకి చూచుచున్నారు గనుక అక్కడ తొక్కిసలాట లేదు. అక్కడను ఒక ఫోటో తీసితిమి. ఆ మొదలును గూర్చి ఆయన తనకు వచ్చిన కొద్ది ఇంగ్లీషులో చెప్పినది, తరువాత మేము చదివి తెలిసికొన్నది కలిపి ఇక్కడ వ్రాయుచున్నాము.

ఆ తీగ అక్కడ పుట్టినది కాదు. హయకవ అను పేరుతో 1968లో ప్రజలకు తెరచిన ఒక తోటలో అది ఉండెను. పట్టణము పెరుగుచు రాగా ఆ నేలను విడువవలసి వచ్చెను. తీగకు అప్పటికి సుమారు 130 ఏండ్లు. మొదలు అడ్డుకొలత ఇంచుమించు ఒక మీటరు. అంతటి ఫుజిని పెళ్లగించి మరియొక చోట నాటి బ్రతికించిన అనుభవము అంతకుముందు ఆ దేశములో ఎవరికిని లేదు. మీరు రైతులు, మీకు వేరుగా చెప్పనక్కరలేదు. లేత నారు తీసి నాటిన నాలుగు దినములలో తిరుగుకొనును. ముదురు నారు నాటినయెడల పిలకలు రావు. నారు సంగతియే అట్లుండగా నూట ముప్పది ఏండ్ల తీగ మాట ఏమి?

ఆ పనిని త్సుకమోతొ కొనామి అను స్త్రీ చేపట్టెను. జపానులో చెట్లకు వైద్యము చేయువారికి పరీక్షపెట్టి పట్టమిచ్చు ఏర్పాటు 1991లో ఆరంభమైనది. ఆమె స్త్రీలలో మొదటి వృక్షవైద్యురాలు. ఆమె వెంటనే క్రేను పిలిపించలేదు. తీగను సిద్ధపరచుటకే రెండు సంవత్సరములు పట్టెను. పెద్ద చెట్టును కదలించుటకు ముందు దానిచుట్టు త్రవ్వి, కొన్ని వేళ్లను కోసి, కోసినచోట సన్నని క్రొత్త వేళ్లు పుట్టువరకు కనిపెట్టుకొనియుండుట ఆ దేశపు తోటమాలుల పాత పద్ధతి. దానిని వారు ‘నెమవాషి’ అందురు. వేళ్ల చుట్టు తిరుగుట అని దాని అర్థము. ఇప్పుడు ఆ మాటను కచేరీలలోను వాడుదురు. ఏదైనను పెద్ద నిర్ణయము సభలో పెట్టకముందు, దానితో సంబంధమున్న ఒక్కొక్కరియొద్దకు పోయి మెల్లగా మాటలాడి ఒప్పించుటకు ఆ పేరే.

ఇంకొక కష్టమున్నది. ఫుజి మొదలు చూపునకు మొరటుగా ఉన్నను గాయమునకు ఓర్చుకొనదు. బెరడు నలిగినచోట కుళ్లు ప్రవేశించును. త్రాళ్లు బిగించి ఎత్తినయెడల ఆ త్రాళ్లే దానిని చంపును. కాబట్టి ఆసుపత్రిలో విరిగిన కాలికి వేయు పిండికట్టును ఆ మొదలుకు చుట్టి, గట్టిపడిన తరువాత దానిపైని త్రాళ్లు వేసిరి. 1996 ఫిబ్రవరి నెలలో, ఆకులు రాలి తీగ నిద్రించుచున్న చలికాలమున, 20 కిలోమీటర్ల దూరము దానిని మోసికొనిపోయిరి. క్రొత్త చోటు చిత్తడి నేల. దానిలో కట్టెబొగ్గు వేసి నేలను బాగుచేసిరి. నాటిన దినమున దాని పందిరి 72 చదరపు మీటర్లు. రెండు సెంట్లకు లోపే. నేడు 25 సెంట్లు. ఏటేట చలికాలమున పూమొగ్గలను చూచి తీగలను కత్తిరించుచు, పూత అయిన తరువాత కాయలకు బలము పోకుండ వాడిన కుచ్చులను తీసివేయుచు, మనుష్యుల చేతులు ఇప్పటికిని దానిమీద పనిచేయుచునే ఉన్నవి.

ఇక మన ఊరి సంగతి. ఈ మధ్య ఒక గృహకూటము తరువాత పిల్లలు మా ఫోనును టీవీకి తగిలించి ఆ ఫోటోలన్నిటిని వేసిరి. పూల ఫోటో వచ్చినప్పుడెల్ల అందరును ఆహా అనిరి. మొదలు ఫోటో వచ్చినప్పుడు పిల్లవాడు దానిని త్రోసివేయబోగా, వెనుక గోడనానుకొని కూర్చున్న ఒక మామ్మగారు ఆపించెను. ఆమెకు 78 ఏండ్లు. భర్త పోయి చాల కాలమైనది. ఆయన సమాధి మన స్మశానములోనే, వేపచెట్టు ప్రక్కను ఉన్నది. ఒక్కడే కుమారుడు, హైదరాబాదులో ఉద్యోగము.

“అయ్యగారూ, ఇది దాని మొదలాండీ?” అని ఆమె అడిగెను.

“అవును మామ్మగారూ.”

“ఎన్నేళ్లదండీ?”

చెప్పితిమి. కదలించునప్పటికే దానికి నూట ముప్పది అని కూడ చెప్పితిమి.

“అంత ముదురుదాన్ని పెళ్లగిస్తే బతికిందా?”

పిండికట్టు సంగతి, రెండేండ్ల సంగతి వివరించితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. “ఎవరు మోశారోగానీ మహానుభావులు,” అనెను. ఆమె ఎందుకు అడిగెనో ఆ యింట కూర్చున్న పెద్దలందరికి తెలియును. క్రిందటి వానకాలమున ఆమె పెరటిలో జారిపడినది మొదలుకొని కుమారుడు వచ్చేయుమని బలవంతపెట్టుచున్నాడు. ఆమె రాత్రులు నిద్రలేకయున్నది.

ఆ రాత్రి మాకు యాకోబు జ్ఞాపకమునకు వచ్చెను. ఇంటికి వచ్చి ఆదికాండము తెరచితిమి. ఫరో నీ వయస్సెంత అని అడిగినప్పుడు యాకోబు చెప్పిన సంఖ్య సరిగా నూట ముప్పదియే! ఈ రెండు సంఖ్యలు కలిసినందున ఏదో మర్మమున్నదని మేము చెప్పబోము. మొదలు క్రీస్తు, పందిరి సంఘము, తుమ్మెదలు సువార్తికులు అని పోలికను సాగదీయుటకును మాకు మనస్సు లేదు. అయితే నూట ముప్పది ఏండ్ల మనుష్యుని దేవుడు ఎట్లు కదలించెనో అక్కడ వివరముగా వ్రాయబడియున్నది. అది మనకు కావలెను.

మొదట యోసేపు ఏమి చేసెనో చూడుడి. నాయనా వచ్చేయుమని కబురు పంపి ఊరకుండలేదు. బండ్లు పంపెను. త్రోవకు ఆహారము పంపెను. యోసేపు బ్రదికియున్నాడని కుమారులు చెప్పినప్పుడు యాకోబు నమ్మలేకపోయెను. ఆ బండ్లను చూచిన తరువాతనే ఆయన ప్రాణము తెప్పరిల్లెను. మాటలు చేయలేని పనిని బండ్లు చేసినవి. ఆ వృద్ధునికి మందలున్నవి గనుక, మందలకు తగిన గోషెనును, అదియు తనకు సమీపముగా ఉండునట్లు, యోసేపు ముందుగానే ఎంచియుంచెను. మన కుమారులలో కొందరు తల్లిని తీసికొనిపోవుదురు గాని ఆమె మంచము ఎక్కడ వేయుదురో ఆలోచింపరు. మూడవ అంతస్తు మెట్లు, తలుపు మూసికొనియుండు ఇల్లు, పగలంతయు ఒంటరితనము. పెరటిలో నాలుగు వంగమొక్కలు పెంచుకొన్న చేతికి అక్కడ పని ఏమి? రెండు కుండీలైనను ఉంచవద్దా?

యాకోబు బయలుదేరినను తిన్నగా పోలేదు. బెయేర్షెబాలో ఆగి బలులర్పించెను. అది దేశపు అంచు. దాటినయెడల తన తండ్రులు తిరిగిన నేల వెనుకబడిపోవును. ఆ రాత్రి దేవుడు ఆయనతో భయపడకుమని పలికెను. దేవుడు అట్లు చెప్పవలసి వచ్చెననగా ఆయన భయపడెననియే కదా. కుమారుని చూడవలెనను ఆశ ఉన్నను భయము కూడ ఉన్నది. కాబట్టి మన పెద్దలు తటపటాయించినప్పుడు వారిని అల్పవిశ్వాసులని అనరాదు. దేవుడు యాకోబును గద్దింపలేదు. నేనును నీతో కూడ వచ్చెదనని ఆదరించెను.

వృద్ధులందరు కదలవలెనని మేము చెప్పుట లేదు సుమా. ఇదే గ్రంథము 26వ అధ్యాయములో, కరవు దినములలో, ఇస్సాకును ఐగుప్తునకు పోవద్దని దేవుడు ఆపెను. తండ్రిని ఉండుమన్న దేవుడే కుమారుని పొమ్మనెను. మన పేటలో ఉండిపోవలసినవారు ఉన్నారు; వారికి ప్రతిదినము ఒక ముద్ద అన్నము, ఒక పలకరింపు అందించుట పొరుగువారి పని. ఎవరికి ఏది తగునో ప్రార్థించి, వారినే అడిగి తెలిసికొనవలెను. ఇరుగుపొరుగు తీర్మానించునది కాదు.

ఇప్పుడు అన్నిటికంటె బరువైన సంగతి. ఆ మామ్మగారి భయము మెట్లను గూర్చియు కాదు, ఒంటరితనమును గూర్చియు కాదు. గృహదర్శనమునకు పోయినప్పుడు మాతో చెప్పినది: “అక్కడ పోతే నన్ను ఎక్కడ పెడతారో అయ్యగారూ. ఆయన పక్కన పెడతారా?” కుమారుని ఒకటి రెండు సార్లు అడిగినదట. “అవన్నీ ఇప్పుడెందుకమ్మా,” అని అతడు మాట మార్చెనట. ప్రేమవలననే మార్చెను, సందేహము లేదు. తల్లి మరణమును తలంచుట ఏ కుమారునికి ఇష్టము? కాని ఆమె వేరు అక్కడనే ఉన్నది. దానిని చూడక త్రాడు బిగించినయెడల గాయమగును.

యాకోబు కూడ ఇదే అడిగెను. ఐగుప్తులో పదునేడు సంవత్సరములు బ్రదికి, చావు సమీపించినప్పుడు యోసేపును పిలిచి, నన్ను ఇక్కడ పాతిపెట్టవద్దు, నా పితరులయొద్దకు తీసికొనిపొమ్మని బ్రతిమాలెను. ప్రమాణము చేయుమనెను. అంతటి అధికారి, రాజ్యకార్యములు తలమీదనున్న యోసేపు, అవన్నీ ఇప్పుడెందుకు నాయనా అనలేదు. చేసెదననెను. ప్రమాణమును చేసెను. తరువాత ఆ మాటను ఎట్లు నెరవేర్చెనో 50వ అధ్యాయములో చదువుకొనుడి. ఆ పదునేడు సంవత్సరములు కూడ గమనింపదగినవే. యోసేపు చిన్నతనమున తండ్రియొద్దనుండినది పదునేడు ఏండ్ల ప్రాయమువరకే. పోగొట్టుకొన్నన్ని ఏండ్లు దేవుడు ఆ వృద్ధునికి పరదేశములో తిరిగి యిచ్చెను. ఎఫ్రాయిమును మనష్షేను మోకాళ్లయొద్ద నిలువబెట్టుకొని దీవించినది ఆ చివరి దినములలోనే.

ఈ అధ్యాయమును చదువుమని ఆ కుమారునికి ఫోనులో చెప్పితిమి. సంక్రాంతి సెలవులకు అతడు వచ్చినప్పుడు తల్లి మంచముమీద కూర్చుండి, ఆమె చేతిని పట్టుకొని, ఆ మాట ఇచ్చెను. సంఘ పెద్దలలో ఇద్దరు ఆ యింట ఉండిరి. ఆమె ఏడ్చినది; ఆ రాత్రి మాత్రము నిద్రపోయినదట. తరువాత అతడు ఆమెను ఒక్కసారి తీసికొనిపోలేదు. మొదట పది దినములు ఉంచి తిరిగి దిగబెట్టెను. శ్రమదినములలో మరల వచ్చి ఒక నెల ఉంచుకొనెను. ఇంటి తాళము మన స్త్రీల సమాజమువారియొద్ద ఉన్నది. ఆమె కోడిపెట్టలు మూడును ప్రక్క యింటివారు చూచుచున్నారు.

నెల ఉండి వచ్చినప్పుడు ఎట్లున్నదని అడిగితిమి. కోడలు మంచిదే, మనుమరాలు రాత్రి ప్రక్కలో పడుకొనుచున్నది అని చెప్పెను. ఆదివారము ఎట్లు గడిచినదని అడిగితిమి. “గుడి పెద్దదేనండీ. ఆరాధన అవగానే అందరూ బండ్లు స్టార్టు చేసుకుని వెళ్లిపోతారు. నన్ను ఎవరూ ఏ ఊరని అడగలేదు,” అనెను. ఈ పత్రిక పల్లెలకే గాక పట్టణములలో స్థిరపడిన మన కుటుంబములకు కూడ పోవుచున్నది గనుక ఆమె మాటను ఉన్నదున్నట్లు వ్రాసితిమి. నాటినవాడు మొదటి యేడు నీరు పోయకున్నయెడల రెండేండ్ల పని ఏమగునో రైతు బిడ్డలకు తెలియును. మీ దేవాలయములో వెనుక బెంచీమీద క్రొత్తగా కనబడుచున్న తెల్లజుట్టు మామ్మను, ఆరాధన ముగిసిన తరువాత, ఏ ఊరు అమ్మా అని అడుగుడి. పేరు అడుగుడి. ఆమెకు వచ్చిన పాత కీర్తన ఒకటి ఎత్తుమనుడి.

ఈ మే నెలలో ఆమె అక్కడికి ఉండుటకు పోవుచున్నది. ఆ సంఘపు కాపరిగారికి ఆమెను గూర్చి ఒక ఉత్తరము వ్రాసితిమి: పేరు, వయస్సు, కుమారుని యింటి గుర్తు, ముప్పది ఏండ్లు మన ప్రభురాత్రి భోజనపు బల్లగుడ్డ ఉతికిన చేయి అని. ఇంకను జవాబు రాలేదు. కనిపెట్టుచున్నాము.